రెగ్యులేటర్‌కి వెనక నుంచి సప్లై ఇస్తే ఏమవుతుంది?

(గుంటూరులో ఎలక్ట్రానిక్స్ సర్వీసింగ్ చేసేవాళ్లకీ, డిప్లొమా విద్యార్థులకీ ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినపడుతోందా? సరే. ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ. ఈ టేబుల్ మీద చిన్న చిన్న ముక్కలున్నాయి, ఎగిరిపోతే వెతుక్కోవడంతోనే పొద్దుపోతుంది.

ఇవాళ చెప్పేది పెద్ద సబ్జెక్టేం కాదు. మూడు కాళ్ల రెగ్యులేటర్, అంటే ఎక్కువొచ్చిన వోల్టేజిని తగ్గించి ఒకే దగ్గర నిలబెట్టే ఐసీ. 7805. ఇది చూడనివాళ్లు ఇక్కడ ఎవరన్నా ఉన్నారా? ఉండరు. 1970ల నుంచి మార్కెట్లో ఉంది. ఇవాళ్టికీ కాటాల్లో, స్టెబిలైజర్లలో, మోటారు స్టార్టర్ ప్యానెళ్లలో ఎక్కడ మూత తీసినా కనపడుతుంది. మొదటి కాలికి (ఇన్‌పుట్) 9 వోల్టులో 12 వోల్టులో ఇస్తాం, మధ్య కాలు గ్రౌండ్, మూడో కాలి (ఔట్‌పుట్) దగ్గర 5 వోల్టులు తీసుకుంటాం. ఇదంతా తెలిసిందే. నేనడిగేది వేరు. మొదటి కాలికి ఏమీ ఇవ్వకుండా, ఆ మూడో కాలికే బయటి నుంచి 5 వోల్టులు పెడితే ఏమవుతుంది? రెగ్యులేటర్ పోతుందా? బోర్డు పోతుందా? ఏమీ కాదా?

పోతుందనేవాళ్లు చేతులెత్తండి. సరే. ఏమీ కాదనేవాళ్లు? మీరూ బాగానే ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఏ రెగ్యులేటర్, ఎన్ని వోల్టులు, దాని వెనకాల, అంటే ఇన్‌పుట్ వైపు, ఏముంది, ఈ మూడూ తెలియకుండా జవాబు చెప్పలేం.

ముందు, అసలు ఎందుకివ్వాలో చూద్దాం. ఇదిగో, ఈ బోర్డు మిర్చి యార్డులో వాడే కాటాలోది. ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి, పెద్ద కండెన్సర్ (కెపాసిటర్), 7805, ఆ తర్వాత మైక్రోకంట్రోలర్, డిస్‌ప్లే. డిస్‌ప్లే వెలగడం లేదని వచ్చింది. మీటర్ పెడితే 5 వోల్టుల లైను మీద 1.2 వోల్టులు చూపిస్తోంది. ఇప్పుడు చెప్పండి, తప్పు రెగ్యులేటర్‌దా, దాని ముందు, అంటే ఔట్‌పుట్ వైపు ఉన్న ఐసీలదా? రెగ్యులేటర్ చచ్చిపోయి 1.2 ఇస్తోందా, లేక అది బాగానే ఉండి ముందు ఏదో షార్టయి దాన్ని కిందకి లాగేస్తోందా? మీటర్ మీద రెండూ ఒకలాగే కనపడతాయి. మనలో చాలామంది ఏం చేస్తాం? ముందు 7805 మార్చేస్తాం. చవకే కదా. కొత్తదీ అలాగే వేడెక్కుతుంది, అప్పుడు తల గోక్కుంటాం.

అదే వెనక నుంచి సప్లై ఇచ్చామనుకోండి, ప్రశ్న రెండు ముక్కలవుతుంది. కరెంటు మామూలుగా తీసుకుని బోర్డు లేచిందా, ముందు భాగం బాగున్నట్టే. తప్పు రెగ్యులేటర్‌లోనో దానికి వెనకో ఉంది. మనం ఇచ్చే బెంచ్ సప్లై కరెంట్ లిమిట్‌లోకి, అంటే పెట్టిన హద్దు దగ్గరే కరెంటు ఆపేసే స్థితిలోకి వెళ్లిపోయిందా, షార్ట్ ఆ 5 వోల్టుల లైను మీదే ఉంది. ఇందులో ఒక చిన్న తిరకాసుంది. రెగ్యులేటరే లోపల ఔట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి షార్టయి ఉండొచ్చు. అందుకని ఐసీలు పీకడం మొదలుపెట్టకముందే దాని ఔట్‌పుట్ కాలు ఒకటి లేపి చూడండి.

ఇంకో లాభం ఉంది. నా దృష్టిలో ఇదే పెద్దది. 230 వోల్టులతో పని లేకుండా బోర్డుని బతికించి చూడొచ్చు. మన దగ్గరికి వచ్చే కొన్ని రిమోట్ ఫ్యాన్ బోర్డులు, టైమర్లు, వాషింగ్ మెషీన్ బోర్డులు చూడండి. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కెపాసిటర్ ద్వారానో, మెయిన్స్ నుంచి విడదీయని (ఐసొలేషన్ లేని) చిన్న ఎస్ఎంపీఎస్, అంటే స్విచింగ్ సప్లై ద్వారానో తక్కువ వోల్టేజి తీస్తారు. మెయిన్స్‌ని స్విచ్ చేసే ట్రయాక్ నడపడం కోసం ఆ 5 వోల్టుల లైనునే నేరుగా మెయిన్స్ వైరుకి కలిపేస్తారు. అంటే మీరు 5 వోల్టులే కదా అని వేలు పెట్టిన చోట, భూమితో పోలిస్తే 230 ఉంటుంది. అలాంటి బోర్డుకి ప్లగ్గు పెట్టి ఆసిలోస్కోపు క్లిప్పు తగిలిస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ప్లగ్గు పీకేసి 5 వోల్టులు బెంచ్ సప్లై నుంచి ఇస్తే లాప్‌టాప్ కూడా తగిలించి హాయిగా ప్రోగ్రాం చదువుకోవచ్చు.

ప్లగ్గు పీకేసి అన్నాను. స్విచ్ ఆపేసి అనలేదు. స్విచ్ న్యూట్రల్‌లో వేసిన ఇళ్లు, షాపులు మన ఊళ్లో తక్కువున్నాయా? ప్లగ్గు చేత్తో పీకి, కంటికి కనపడేలా టేబుల్ మీద పెట్టుకోండి. బెంచ్ సప్లై తగిలి ఉండగా ప్లగ్గు మళ్లీ పెట్టే ప్రసక్తే లేదు. పెట్టారంటే మీ సప్లై నెగటివ్ క్లిప్పు, దానికి తగిలిన లాప్‌టాప్ అన్నీ మెయిన్స్‌కి ఎక్కుతాయి. ఎస్ఎంపీఎస్ ఉన్న బోర్డయితే ఆ 400 వోల్టుల కెపాసిటర్ సంగతి మర్చిపోవద్దు. 230ని 1.414తో హెచ్చవేస్తే 325. ప్లగ్గు పీకాక కూడా అది అందులో కూర్చునే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించకండి. రెసిస్టరో, హోల్డర్‌లో ఉన్న బల్బో పెట్టి దింపి, మీటర్‌తో చూసి, అప్పుడు చెయ్యి పెట్టండి.

రెగ్యులేటర్ లోపల ఏం జరుగుతుంది

పొలం మోటారుకి ఫుట్‌వాల్వ్ ఉంటుంది. నీళ్లు పైకెక్కాక మళ్లీ బావిలోకి దిగిపోకుండా ఆపుతుంది. రెగ్యులేటర్‌లో కూడా అలాంటిదేదో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. మామూలు రెగ్యులేటర్లు వెనక్కి వెళ్లే కరెంటుని ఆపవు.

7805లో ఇన్‌పుట్‌కీ ఔట్‌పుట్‌కీ మధ్య పెద్ద ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ ఉంటుంది. కలెక్టర్ ఇన్‌పుట్ వైపు, ఎమిటర్ ఔట్‌పుట్ వైపు. ఔట్‌పుట్ ఎక్కువై ఇన్‌పుట్ తక్కువైతే, లోపల డయోడ్ (కరెంటుని ఒక దిక్కుకే పోనిచ్చేది) లాగా పనిచేసే జంక్షన్ల గుండా కరెంటు వెనక్కి నడుస్తుంది. అది అందుకోసం పెట్టిన దారి కాదు. ఔట్‌పుట్‌లో పెద్ద కెపాసిటర్ ఉండి, ఇన్‌పుట్ ఒక్కసారిగా గ్రౌండ్‌కి షార్టయితే, ఆ కెపాసిటర్‌లో ఉన్నదంతా ఈ దారినే పరిగెత్తి రెగ్యులేటర్‌ని కాల్చేయగలదని తయారీదార్ల డేటాషీట్లే చెబుతాయి. ఇంకోటి కూడా ఉంది. ఆ ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ జంక్షన్‌కి తిరగేసి 7 వోల్టుల దాకా వస్తే అది తెగుతుంది. అందుకే 7805 మీద 5 వోల్టులు వెనక నుంచి ఇచ్చినా సాధారణంగా బతికిపోతుంది. అదే పని 12 వోల్టులిచ్చే 7812 మీద, ఇన్‌పుట్ గ్రౌండ్‌కి షార్టయి ఉన్నప్పుడు చేస్తే? 12 వోల్టులూ దాని మీదే పడతాయి. 7805తో ఏమీ కాలేదు కదా అని 7812తో చేయకండి.

1117 రకం వేరు. మన దగ్గర 3.3 వోల్టుల బోర్డులన్నిటి మీదా అదే కదా. దానిలో ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి లోపలే డయోడ్ ఉంది. మైక్రోసెకండ్ల పాటు 10, 20 యాంపులు కూడా తట్టుకుంటుంది. అందుకే మామూలు వాడకంలో బయట డయోడ్ అడగదు. ఔట్‌పుట్‌లో 1000 మైక్రోఫారడ్లు దాటిన కెపాసిటర్ పెడితేనే అడుగుతుంది. ఇక కొత్త రకం సీమాస్ ఎల్‌డీఓలు, అంటే ఔట్‌పుట్ కన్నా ఇన్‌పుట్ కాస్త ఎక్కువుంటే చాలనే రెగ్యులేటర్లు. వాటిలో పీ-మాస్‌ఫెట్ ఉంటుంది. మాస్‌ఫెట్‌కి బాడీ డయోడ్ పుట్టుకతోనే ఉంటుంది, ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి. దానికి కరెంట్ లిమిట్ లేదు, థర్మల్ షట్‌డౌన్ లేదు. ఎల్‌టీ1763 లాంటివి కొన్ని మాత్రం ఎదురు కరెంటు రాకుండా ప్రత్యేకంగా చేసినవి. అవి మన రిపేర్లలో తగిలేది తక్కువే.

ఇది భయపడే విషయమా? మీలో చాలామంది రోజూ చేస్తున్నదే. ఆర్డుయినో యూనో బోర్డుకి యూఎస్‌బీ పెడుతున్నారు కదా. ఆ 5 వోల్టులు ఎక్కడికి వెళ్తున్నాయి? బోర్డు మీది రెగ్యులేటర్ ఔట్‌పుట్ ఉన్న లైను మీదికే. అప్పుడు రెగ్యులేటర్ ఇన్‌పుట్ వైపున్న వీఇన్ పిన్ను మీద మీటర్ పెట్టి చూడండి, 4 చిల్లర వోల్టులు కనపడతాయి. అక్కడ ఎవరూ ఏమీ ఇవ్వలేదు. రెగ్యులేటర్ గుండా వెనక్కి వచ్చినవే. ఈఎస్‌పీ32 బోర్డుకి యూఎస్‌బీ ద్వారా గానీ, 5 వోల్టుల పిన్నుకి గానీ, 3.3 వోల్టుల పిన్నుకి గానీ ఇవ్వొచ్చని తయారీదారే రాశాడు. కానీ మూడింట్లో ఏదో ఒకటే, రెండు కలిపి ఇవ్వొద్దని కూడా రాశాడు. జనం మొదటి వాక్యం చదువుతారు.

ఇప్పుడు రెగ్యులేటర్ మీరే

ఇవాళ నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది. వెనక నుంచి సప్లై ఇచ్చేటప్పుడు అందరూ రెగ్యులేటర్ పోతుందేమోనని టెన్షన్ పడతారు. అది పోతే ఎంత? ఇంకోటి వేసుకుంటాం. ముందున్న మైక్రోకంట్రోలర్ పోతే? అందులో ప్రోగ్రాం ఉంది, కాలిబ్రేషన్ ఉంది, అది బజార్లో దొరకదు. ఇంతకాలం దాన్ని కాపాడింది ఎవరు? ఇన్‌పుట్‌లో 9 వచ్చినా 15 వచ్చినా 5 మాత్రమే వదిలింది ఎవరు? షార్టయితే కరెంటు ఆపింది, వేడెక్కితే తనే మూసుకుంది ఎవరు? ఆ రెగ్యులేటరే. ఔట్‌పుట్‌లో క్లిప్పు పెట్టిన క్షణం అది డ్యూటీ దిగిపోయింది. ఆ పనులన్నీ మీ మీద పడ్డాయి.

అదొక్కటే కాదు. బోర్డు మీద రక్షణ కోసం పెట్టినవన్నీ ఏ వైపు ఉన్నాయి? ఫ్యూజు ఇన్‌పుట్ వైపు. వోల్టేజి ఎగసినప్పుడు మింగేసే ఎంఓవీ ఇన్‌పుట్ వైపు. ప్లస్సు మైనస్సు తిరగేసినా కాపాడే బ్రిడ్జి ఇన్‌పుట్ వైపు. మీరు వీటన్నిటినీ దాటుకుని నేరుగా లోపలికి వెళ్లిపోయారు. ఇక్కడ క్లిప్పులు తారుమారైతే ఆపేవాడు లేడు. ఏటీమెగా328 అనే మైక్రోకంట్రోలర్ భరించగల వోల్టేజి హద్దు 6. ఈఎస్‌పీ32కి 3.6. నాబ్ మీద వేలు కొంచెం జారితే చాలు, ఆ హద్దు దాటిపోతాం.

అందుకని నేను చేసే పద్ధతి చూపిస్తాను. ముందు వరసలో వాళ్లు కొంచెం వంగండి, వెనకవాళ్లకి కనపడాలి.

ముందు సప్లై ఇవ్వకుండానే మీటర్. ఔట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఓమ్స్ చూస్తున్నాను. మొదట తక్కువ చూపించి మెల్లగా పెరుగుతోంది, కెపాసిటర్లు నిండుతున్నాయి కదా. వందల ఓముల్లో ఆగింది. ఇది మంచి లక్షణం. రెండు మూడు ఓముల దగ్గర ఆగిపోతే షార్ట్ ఉందనుకోండి. ఇప్పుడు ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి కూడా అలాగే. ఇది చాలామంది వదిలేస్తారు. ఇన్‌పుట్ కండెన్సర్ షార్టయి ఉంటే మనం ఇచ్చే కరెంటంతా రెగ్యులేటర్ గుండా వెనక్కి పోయి అక్కడ చేరుతుంది. అప్పుడు రెగ్యులేటర్ నిజంగానే కాలుతుంది. మూడోది, మీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ ఔట్‌పుట్‌కి, నల్ల ప్రోబ్ ఇన్‌పుట్‌కి. ఇదిగో 0.6 దగ్గర చూపిస్తోంది. వెనక్కి దారి ఉందన్నమాట.

ఇప్పుడు సప్లై. క్లిప్పులు ఇంకా తగిలించలేదు. 5.0 పెట్టాను, క్లిప్పుల దగ్గర మీటర్‌తో కూడా చూశాను. సప్లై మీది అంకెల్ని నేను నమ్మను. కరెంట్ లిమిట్ 100 మిల్లీ యాంపులు. క్లిప్పుల దగ్గరే అడ్డంగా 5.6 వోల్టుల 1 వాట్ జీనర్ టంకం వేసి ఉంది, చూశారా? వోల్టేజి ఎక్కువైతే అది తాగేస్తుంది, క్లిప్పులు తిరగేస్తే అదే మామూలు డయోడై వోల్టేజిని కిందకి లాగేస్తుంది. కరెంట్ లిమిట్ ఉంటేనే సుమా. లిమిట్ 3 యాంపులకి పెట్టి జీనర్ కాపాడుతుందనుకుంటే ముందు జీనర్ పోతుంది, దాని వెనకే ఐసీ పోతుంది. 3.3 వోల్టుల బోర్డుకి ఈ జీనర్ పనికిరాదు, దానికి ఇంకా తక్కువది కావాలి.

క్లిప్పు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. 7805 వీపు మీది లోహపు రేకు గ్రౌండ్. నెగటివ్ క్లిప్పుకి అనువైన చోటు. అదే అలవాటుతో 1117 వీపు మీద నెగటివ్ పెట్టారంటే, అది ఔట్‌పుట్. ఎల్ఎం317 అనే ఇంకో రెగ్యులేటర్ వీపూ ఔట్‌పుటే. మైనస్ 5 వోల్టులిచ్చే 7905 వీపయితే ఇన్‌పుట్. నాలుగూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి.

తగిలించాను. 85 మిల్లీ యాంపులు. డిస్‌ప్లే వచ్చింది. ఈ బోర్డులో తప్పు ముందు భాగంలో లేదు, తేలిపోయింది. ఒకవేళ కరెంటు సరిగ్గానే ఉండి బోర్డు లేవకపోతే, వోల్టేజి మెల్లగా పెంచారేమో చూసుకోండి. సున్నా నుంచి నాబ్ తిప్పుకుంటూ వస్తే కొన్ని మైక్రోకంట్రోలర్లు మధ్యలో తికమక పడి ఆగిపోతాయి. సరిగ్గా 5 దగ్గర ఉంచి ఔట్‌పుట్ ఆపి, మళ్లీ ఒక్కసారిగా ఇవ్వండి.

ఇప్పుడు ఇన్‌పుట్ కాలు దగ్గర మీటర్ పెడుతున్నాను. 4.4. వెనకకి వచ్చేసింది. ఇందాకటి 85లో కొంత ఇటు కూడా పోతోంది. 12 వోల్టుల లైను మీద రిలేలు, ఆప్-ఆంపులు, ఎల్ఈడీలు ఉన్న బోర్డయితే ఈ 4.4తో ఎల్ఈడీ మసగ్గా వెలుగుతుంది, ఆప్-ఆంపు సగం ప్రాణంతో ఏదో ఒక వోల్టేజి చూపిస్తుంది, రిలే అసలు పట్టదు. అది చూసి రిలే పోయిందని రాసేయకండి. దానికి కావాల్సిన 12 ఇవ్వలేదు మనం, అంతే. అనుమానం వద్దనుకుంటే 7805 ఇన్‌పుట్ కాలు లేపేయండి. రెండు నిమిషాల పని. బోర్డు ఖరీదైనదయితే నేను లేపకుండా చేయను.

ఇక్కడో అబ్బాయి అడుగుతున్నాడు, రెగ్యులేటర్ మీద అడ్డంగా 1ఎన్4007 ఉంటుంది కదా, అది ఉంటే ఇదంతా అక్కర్లేదు కదా అని. మంచి ప్రశ్న. ఆ డయోడ్ గీత ఉన్న కొస ఎటు ఉంటుంది? ఇన్‌పుట్ వైపు. అంటే ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి సాఫీగా దారి ఇస్తుంది. రెగ్యులేటర్ లోపలి నుంచి పోవాల్సిన కరెంటు పక్కదారిన పోతుంది, రెగ్యులేటర్ క్షేమం. కానీ ఎదురు కరెంటు ఆగిందా? ఇంకా పెరిగింది! అది ఆగాలంటే డయోడ్ ఇన్‌పుట్‌కి సిరీస్‌లో ఉండాలి, అప్పుడు మీ 9 వోల్టుల్లో ముప్పావు వోల్టు దానికి పోతుంది. 7805కి ఔట్‌పుట్ కన్నా 2 వోల్టులు ఎక్కువ కావాలి కాబట్టి 7 దగ్గర నడిచే బోర్డుల్లో అది కుదరదు. రెండు చోట్లా వాడేది అదే డయోడ్, చేసే పనులు మాత్రం వేరు. సర్క్యూట్లు కాపీ కొట్టేవాళ్లు దీన్ని తెగ కలిపేస్తారు.

షార్ట్ ఉందని తేలితే? మొబైల్ రిపేర్ వాళ్లకి ఇది బాగా తెలుసు. రెగ్యులేటర్ కాలు లేపి, వోల్టేజి 1కి దించి, కరెంటు లిమిట్ మెల్లగా పెంచుతారు. 1 వోల్టు దగ్గర ఐసీలు పనిచేయవు, వాటికి ప్రమాదం తక్కువ. కరెంటంతా షార్టయిన చోటికే పోయి అక్కడ వేడి పుడుతుంది. బోర్డు మీద ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) రాస్తే ముందు ఎక్కడ ఆరిపోతుందో అక్కడే దొంగ. ఎక్కువసార్లు ఏదో ఒక చిన్న సెరామిక్ కెపాసిటర్ దొరుకుతుంది. వేలితో చూడాలనుకుంటే చటుక్కున వెనక్కి తీసుకునే వేగం ఉండాలి, చాలా కాలుతుంది.

గురువుగారు ఒకాయన చీటీ పంపారు. ఎల్ఎం317తో కట్టిన బ్యాటరీ చార్జరులో కరెంటు పోయినప్పుడు బ్యాటరీ దానంతటదే దిగిపోతోందట. ఇది కూడా మన సబ్జెక్టే. కరెంటు పోగానే బ్యాటరీయే 317 ఔట్‌పుట్‌కి వెనక నుంచి సప్లై ఇస్తోంది. వోల్టేజి పెట్టడానికి వేసిన రెండు రెసిస్టర్ల గుండా కొంత, రెగ్యులేటర్ గుండా వెనక్కి కొంత పోతోంది. ఔట్‌పుట్ తర్వాత, బ్యాటరీకి ముందు సిరీస్‌లో డయోడ్ ఒకటి వేయండి, గీత బ్యాటరీ వైపు ఉండాలి. దానిలో పోయే 0.7 కోసం వోల్టేజి సెట్టింగ్ ఆ మేరకు పెంచండి. చార్జింగ్ కరెంటు 1 యాంపు దగ్గరుంటే 1ఎన్4007 చాలదు, 3 యాంపులది వేయండి.

ఇంకేమన్నా ఉంటే టేబుల్ దగ్గరికి రండి. మీటర్ తెచ్చుకున్నవాళ్లు ఈ ట్రేలో 7805, 7812, 1117 ఉన్నాయి, డయోడ్ మోడ్‌లో పెట్టి ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి కొలవండి. ఏది ఎంత చూపిస్తోందో రాసుకోండి. కొలిచినవి మళ్లీ ట్రేలోనే వేయండి, జేబులో కాదు.